లైసెన్స్ ఎవరి పేరున ఉంది? హ్యూస్టన్ ఛానల్ 8 కథ

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఛానల్ 8 మీద వచ్చే కేయూహెచ్‌టీ టీవీ స్టేషన్ యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ సొంతం. లైసెన్స్ యూనివర్సిటీ పేరున ఉంది, స్టూడియో క్యాంపస్‌లో ఉంది. 1953 మే 25న ప్రసారాలు మొదలుపెట్టిన ఈ స్టేషన్, అమెరికాలో వ్యాపార ప్రకటనలు లేకుండా చదువు కోసమే పుట్టిన టీవీ స్టేషన్లలో మొట్టమొదటిది. పిల్లల కార్యక్రమాలు, సైన్స్ డాక్యుమెంటరీలు, వార్తలు, సంగీతం ఇవన్నీ డెబ్బై ఏళ్లకు పైగా యాంటెన్నా పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఉచితంగా చేరుతున్నాయి.

అమెరికాలో ఇలా ప్రకటనలు లేకుండా నడిచే పబ్లిక్ టీవీ లైసెన్సుల్లో సుమారు మూడో వంతు ఇలా యూనివర్సిటీలు, కాలేజీల చేతుల్లోనే ఉన్నాయి. మిగతా వాటిలో ఎక్కువ భాగం స్థానికంగా ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థలవి. కొన్ని రాష్ట్ర ప్రభుత్వ సంస్థలవి, ఒకటీ అరా స్కూల్ బోర్డులవి. పైకి చూస్తే యూనివర్సిటీ కంటే మంచి యజమాని ఎవరుంటారు అనిపిస్తుంది. చదువుకున్నవాళ్లు ఉంటారు, భవనాలు ఉంటాయి, ఏటా కొత్త విద్యార్థులు వస్తుంటారు, లాభాల యావ ఉండదు. నిజమే, యూనివర్సిటీ చేయి పట్టుకోబట్టే ఇలాంటి స్టేషన్లు పుట్టాయి, పెరిగాయి. కానీ కష్టకాలంలో వాటికి గట్టి దెబ్బలు తగిలింది కూడా ఆ చేతి నుంచే. ఈ రెండూ ఒకే స్టేషన్ చరిత్రలో కనిపిస్తాయి కాబట్టి హ్యూస్టన్ కథను కాస్త వివరంగా చూడాలి.

బడికి జాగా అట్టే పెట్టిన మనిషి

1948లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొత్త టీవీ లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. అప్పటికే ఇచ్చిన స్టేషన్లు ఒకదాని సిగ్నల్‌ను ఒకటి చెడగొడుతున్నాయి. ఏ ఊరికి ఏ ఛానల్ ఇవ్వాలో కొత్తగా లెక్క వేసుకోవాల్సి వచ్చింది. ఆ లెక్క తేలడానికి నాలుగేళ్లు పట్టింది. లైసెన్సులు ఆగిన ఆ 1948లోనే ఎఫ్‌సీసీలోకి మొదటి మహిళా కమిషనర్‌గా వచ్చారు ఫ్రీడా హెన్నాక్. వ్యాపార సంస్థలు ఛానళ్లన్నీ పంచుకోకముందే కొన్నిటిని చదువు కోసం పక్కన పెట్టాలని ఆమె పట్టుబట్టారు. యూనివర్సిటీల దగ్గర ఇప్పుడు డబ్బు లేదు, స్టేషన్ పెట్టే ఆలోచన కూడా చాలామందికి లేదు, కాబట్టి ఎదురు చూడటం దండగ అని వ్యాపార స్టేషన్ల వాదన. హెన్నాక్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఊళ్లో స్థలాలన్నీ అమ్ముడుపోయాక బడికి జాగా కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? ఆమె వాదన సారాంశం అదే.

1952 ఏప్రిల్ 14న వచ్చిన ఉత్తర్వులో దేశమంతటా 242 ఛానళ్లను చదువు కోసం కేటాయించారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 242లో 80 మాత్రమే వీహెచ్‌ఎఫ్ (2 నుంచి 13 దాకా ఉన్న ఛానళ్లు), మిగతా 162 యూహెచ్‌ఎఫ్ (14, ఆ పైన ఉన్నవి). అప్పట్లో జనం ఇళ్లలో ఉన్న టీవీ సెట్లలో చాలా వాటికి యూహెచ్‌ఎఫ్ ఛానళ్లు వచ్చేవే కావు, విడిగా ఒక పరికరం కొనుక్కుని తగిలించాలి. ప్రతి కొత్త సెట్టూ యూహెచ్‌ఎఫ్ అందుకోవాలన్న చట్టం 1962లో గాని రాలేదు.

హ్యూస్టన్‌కు వచ్చింది ఛానల్ 8, అంటే వీహెచ్‌ఎఫ్. అదెంత అదృష్టమో తెలియాలంటే అదే కాలంలో మునిగిపోయిన రెండు స్టేషన్లను చూడాలి. అదే నగరంలో 1953 చివర్లో ఛానల్ 39 మీద కేఎన్‌యూజెడ్ అనే వ్యాపార స్టేషన్ మొదలైంది. యూహెచ్‌ఎఫ్ కావడంతో చూసేవాళ్లు లేరు, ఏడాది తిరక్కుండానే 1954లో మూతపడింది. లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా తరఫున ఛానల్ 28 మీద మొదలైన కేటీహెచ్‌ఈ, దేశంలో రెండో విద్యా టీవీ స్టేషన్. అదీ యూహెచ్‌ఎఫే. పైగా దాని ఖర్చంతా ఒక్క దాత మీద ఆధారపడి ఉంది. ఆయన తప్పుకోగానే 1954లో అదీ ఆగిపోయింది.

కేఎన్‌యూజెడ్ కట్టించుకున్న స్టూడియోలోకి తర్వాత వేరే స్టేషన్ వచ్చి వెళ్లింది. 1964లో ఆ భవనంలోకే కేయూహెచ్‌టీ మారింది. లాభం కోసం పెట్టినవాళ్లు వదిలేసిన స్టూడియోలో పాఠాలు చెప్పే స్టేషన్ ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. 2000లో ఎల్గిన్ వీధిలో సొంత భవనం కట్టుకునేదాకా అదే దాని ఇల్లు.

అయిదో అంతస్తులో పాఠం

మొదట్లో స్టేషన్ ఉన్నది క్యాంపస్‌లోని ఎజికియల్ కల్లెన్ భవనం అయిదో అంతస్తులో. ఆ భవనానికి డబ్బిచ్చింది హ్యూస్టన్ చమురు వ్యాపారి హ్యూ రాయ్ కల్లెన్, పేరు ఆయన తాతది. చమురు డబ్బుకూ ఈ యూనివర్సిటీకీ ఉన్న బంధం పాతదే, దాని సంగతి ముందు ముందు వస్తుంది. లైసెన్స్ మొదట యూనివర్సిటీకీ, నగర స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ ఉమ్మడిగా ఇచ్చారు. కొన్నేళ్లకు స్కూల్ డిస్ట్రిక్ట్ తప్పుకుంది. 1953 జూన్ 8న జరిగిన ప్రారంభ కార్యక్రమానికి ఫ్రీడా హెన్నాక్ స్వయంగా వచ్చారు. తను పోరాడి పక్కన పెట్టించిన ఛానళ్లలో మొట్టమొదటిది పలుకుతుంటే ఆమె అక్కడే ఉన్నారు.

ఆ రోజుల్లో ఛానల్ 8లో పెద్ద పని కాలేజీ పాఠాలే. మనస్తత్వశాస్త్రం ప్రొఫెసర్ రిచర్డ్ ఎవాన్స్ టీవీలో చెప్పిన కోర్సు, టీవీ ద్వారా డిగ్రీ క్రెడిట్ ఇచ్చిన తొలి కోర్సుగా పేరు పొందింది. పాఠాలు ఎక్కువగా రాత్రిపూట వచ్చేవి, పగలు ఉద్యోగం చేసేవాళ్లు చూడటానికి వీలుగా.

ఆ పాఠం ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. స్టూడియోలో వేడి పుట్టించే పెద్ద పెద్ద దీపాలు, వాటి కింద బల్ల ముందు ప్రొఫెసర్. ఎదురుగా విద్యార్థులు లేరు, బరువైన కెమెరా ఉంది, దాని వెనక నిలబడ్డ ఒకరిద్దరు ఉన్నారు. ఎవరికి అర్థమైందో, ఎవరికి నిద్ర వస్తోందో ముఖాలు చూసి తెలుసుకునే వీలు లేదు. వీడియో టేపు ఇంకా రాలేదు కాబట్టి ప్రతి పాఠమూ లైవ్. మాట తడబడితే తడబడినట్టే వెళ్లిపోతుంది. అవతలి పక్కన, డ్యూటీ దిగి భోంచేసి, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్న మనిషి. ఇప్పటి వీడియోలా ఆపి వెనక్కి తిప్పుకోవడం కుదరదు. పసిపిల్ల ఏడ్చిందని లేచి వెళితే ఆ పది నిమిషాల పాఠం పోయినట్టే. ఎదురెదురుగా కూర్చుని చెప్పించుకున్న చదువుకు ఇది సాటి రాదన్నది నిజం. కానీ కాలేజీ గడప తొక్కే వీలు లేని మనిషికి కాలేజీయే ఇంట్లోకి వచ్చిందన్నదీ అంతే నిజం. అందుకే ఈ ప్రయోగాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

వారానికి 13 నుంచి 15 గంటలు, అంటే మొత్తం ప్రసారాల్లో 38 శాతం ఈ పాఠాలే ఉండేవి. 1960ల మధ్యకు వచ్చేసరికి ఛానల్ 8 ద్వారా చెప్పిన చదువు లక్ష సెమిస్టర్ గంటలు (కోర్సుకు ఇచ్చే క్రెడిట్ లెక్క) దాటింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చదువుకోవడానికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు, తరగతి గదులు చాలలేదు. యూనివర్సిటీకి టీవీ స్టేషన్ అవసరమైంది ఈ లెక్క వల్లే.

పాఠాలు పోగా మిగతా సమయం నింపడం ఇంకో పెద్ద సమస్య. ఇలాంటి స్టేషన్లన్నిటికీ కార్యక్రమాలు అందించడానికి ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో ఒక కేంద్రం నడిచేది. శాటిలైట్ లేదు, స్టేషన్లను కలిపే లైన్ అద్దెకు తీసుకునే స్తోమత లేదు. అందుకని టీవీ తెర మీద వచ్చే బొమ్మను ఫిల్మ్ మీదికి ఎక్కించి, ఆ రీళ్లను డబ్బాల్లో పెట్టి పోస్టులో పంపేవారు. ఒక స్టేషన్ ప్రసారం చేసి, మళ్లీ డబ్బాలో పెట్టి, తర్వాతి ఊరికి పోస్టు చేసేది. ఒక ఊళ్లో ఈ వారం వచ్చిన కార్యక్రమం ఇంకో ఊళ్లో నెల తర్వాత వచ్చేది. ఈ పద్ధతిని వాళ్లు సైకిల్ మీద తిప్పడంగా చెప్పుకునేవారు.

అంత పేదరికంలోనూ గొప్ప పనులు జరిగాయి. 1957లో ప్రొఫెసర్ ఎవాన్స్ హ్యూస్టన్ నుంచి జ్యూరిక్ వెళ్లి, మనస్తత్వశాస్త్రంలో మహామహుడైన కార్ల్ యూంగ్‌తో గంటేసి చొప్పున నాలుగు ఇంటర్వ్యూలు ఫిల్మ్ మీద తీశారు. యూంగ్‌కు అప్పటికి 82 ఏళ్లు. నాలుగేళ్లకు ఆయన పోయారు. ఆ మనిషి ముఖం, గొంతు ఈనాటికీ చూడగలుగుతున్నామంటే టీవీ పాఠానికి అలవాటు పడ్డ ఒక యూనివర్సిటీ మేష్టారి చొరవ వల్ల.

ప్రకటన కాని ప్రకటన

1967 నవంబరు 7న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం మీద సంతకం పెట్టారు. ఆయనా టెక్సస్ మనిషే. ఆ చట్టంతో సీపీబీ అనే కార్పొరేషన్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ డబ్బు నేరుగా స్టేషన్లకు ఇస్తే రాజకీయ నాయకుల చెయ్యి పడుతుందని, మధ్యలో ఒక అడ్డుగోడలా దాన్ని పెట్టారు. 1969లో పీబీఎస్ ఏర్పడింది. ఇది స్టేషన్లు కలిసి పెట్టుకున్న సంస్థ, స్టేషన్ల మీద పెత్తనం చేసే హెడ్డాఫీసు కాదు. ఏ కార్యక్రమం వెయ్యాలో, ఏది మానెయ్యాలో తేల్చుకునే హక్కు లైసెన్స్ ఉన్నవాళ్లదే. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి గొడవంతా తేలిగ్గా అర్థమవుతుంది.

2025 దాకా ఇలాంటి స్టేషన్‌కు డబ్బు నాలుగు వైపుల నుంచి వచ్చేది. యూనివర్సిటీ ఇచ్చేది, సీపీబీ ఇచ్చేది, ప్రేక్షకులు ఇచ్చే చందాలు, సంస్థలు ఇచ్చే సహకారం. ఈ చివరిదాని చుట్టూ ఉన్న నియమం దగ్గర్నుంచి చూడదగ్గది. ఉదాహరణకు హ్యూస్టన్‌లో భారతీయ దుకాణాలు వరసగా ఉండే హిల్‌క్రాఫ్ట్ ప్రాంతంలో ఒక కిరాణా కొట్టు ఛానల్ 8కి డబ్బిచ్చిందనుకుందాం. తెర మీద కొట్టు పేరు వెయ్యొచ్చు. ఎక్కడుందో, ఏమేం అమ్ముతారో, ఎన్నేళ్లుగా ఉందో చెప్పొచ్చు. కానీ సోనా మసూరి బస్తా ఇంత అని ధర చెప్పకూడదు. ఊళ్లోకెల్లా మంచి బియ్యం మా దగ్గరే అనకూడదు. ఈ వారమే రండి అని పిలవకూడదు. కొనండి అన్న మాట అసలే రాకూడదు. చట్టం అడ్డుకునేది ఆ పిలుపునే. ఈ గీత దాటితే ఎఫ్‌సీసీ జరిమానా వెయ్యొచ్చు. వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ, రోజంతా టీవీ ముందు కూర్చునే పిల్లాడికి ఎవరూ ఏదీ అమ్మజూపని ఒక్క ఛానల్ మిగిలిందంటే ఈ నియమం పుణ్యమే.

అందుకే ప్రేక్షకుల చందాలు అంత ముఖ్యం. ఏడాదిలో కొన్ని వారాలు మంచి సంగీత కచేరీ మధ్యలో ఆపి, స్టూడియోలో ఫోన్ల వరస ముందు నిలబడి విరాళాలు అడుగుతారు. ఇచ్చినవాళ్లకు ఒక గుడ్డ సంచో, కాఫీ కప్పో పంపుతారు. చాలామందికి ఇది విసుగు. కానీ ఆ ఫోన్లు ఎత్తేది తోటి ఊరివాళ్లే, వాలంటీర్లు. ఒక టీవీ స్టేషన్ బతకాలా వద్దా అన్నది ఊరు నేరుగా తేల్చే సందర్భం ఇది.

1980 మే 12

1980లో పీబీఎస్ ద్వారా ‘డెత్ ఆఫ్ ఎ ప్రిన్సెస్’ అనే డాక్యుడ్రామా (నిజంగా జరిగినదాన్ని నటులతో తీసిన చిత్రం) రావాల్సి ఉంది. 1977లో సౌదీ అరేబియాలో ఒక యువరాణికీ, ఆమె ప్రేమించిన మనిషికీ విధించిన మరణశిక్ష దాని కథావస్తువు. బ్రిటన్‌లో ప్రసారం కాగానే సౌదీ ప్రభుత్వం మండిపడింది. అమెరికాలో ఆపించాలని ఒత్తిళ్లు మొదలయ్యాయి. మోబిల్ చమురు కంపెనీ దాన్ని తప్పుపడుతూ పత్రికల్లో ప్రకటన వేసింది. పీబీఎస్ మాత్రం ఆపలేదు. దేశంలో ఎక్కువ స్టేషన్లు మే 12న చూపించాయి. చూపించబోమన్న కొద్దిమందిలో అలబామా రాష్ట్ర నెట్‌వర్క్ ఒకటి, హ్యూస్టన్ ఛానల్ 8 ఒకటి.

హ్యూస్టన్‌లో ఆ నిర్ణయం తీసుకున్నది స్టేషన్‌లో కార్యక్రమాలు చూసేవాళ్లు కాదు. యూనివర్సిటీలో పౌరసంబంధాలు చూసే వైస్ ప్రెసిడెంట్. అంతకుముందు ఆయన ఎన్నడూ ఏ కార్యక్రమం విషయంలోనూ అలా జోక్యం చేసుకోలేదని కోర్టు రికార్డులోనే ఉంది. మధ్యప్రాచ్యంలో ఉద్రిక్తత, సౌదీ ప్రభుత్వ అభ్యంతరాలు కారణాలుగా చెప్పారు. యూనివర్సిటీకి వచ్చే ప్రైవేటు విరాళాల్లో గణనీయమైన భాగం చమురు కంపెనీల నుంచి, చమురు వ్యాపారుల నుంచి వస్తోందన్నదీ రికార్డులో ఉంది. సౌదీ రాజకుటుంబంలోని ఒక యువరాణికి చదువు చెప్పడానికి యూనివర్సిటీ గతంలో ఒప్పందం చేసుకున్నదన్నదీ ఉంది.

గెర్ట్రూడ్ బార్న్‌స్టోన్ అనే శిల్పి కోర్టుకెక్కారు. 1960లలో నగర స్కూల్ బోర్డులో ఉండి, నల్లజాతి, తెల్లజాతి పిల్లలు ఒకే బడిలో చదవాలని కొట్లాడిన మనిషి ఆమె. ఛానల్ ప్రజలది, ప్రభుత్వ సంస్థ తనకు నచ్చని మాటను ప్రజల చెవిన పడకుండా ఆపకూడదు అన్నది ఆమె వాదన. జిల్లా కోర్టు జడ్జి గేబ్రియెల్ మెక్‌డొనాల్డ్ ఆ వాదన ఒప్పుకుని కార్యక్రమం చూపించమని ఆదేశించారు. యూనివర్సిటీ వెంటనే పై కోర్టుకు వెళ్లింది, స్టే వచ్చింది. ఆ రాత్రి ఛానల్ 8లో అది రాలేదు.

1982లో అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం అలబామా, హ్యూస్టన్ కేసులు రెండిటినీ కలిపి తీర్పు చెప్పింది. టీవీ స్టేషన్ ఊరి మధ్యలో ఉన్న పార్కు లాంటిది కాదు, ఎవరొచ్చి ఏం మాట్లాడినా వినిపించాల్సిన అవసరం లేదు, ఏది వెయ్యాలో ఎంచుకోవడం లైసెన్సుదారుడి పని, ఫలానాది చూపించమని ప్రేక్షకులు కోర్టు ద్వారా బలవంతం చెయ్యలేరు అన్నది సారాంశం. కొందరు న్యాయమూర్తులు విభేదించారు.

చట్టపరంగా ఆ తీర్పులో అర్థం ఉంది. ప్రతి కార్యక్రమం మీదా కోర్టులు కూర్చుంటే ఏ స్టేషనూ నడవదు, రేపు ఇంకొకరు వచ్చి అబద్ధాన్ని చూపించమని కోర్టుకెక్కొచ్చు. కానీ అసలు పుండు ఎక్కడుందో అక్కడ మందు పడలేదు. ఎడిటర్‌కు స్వేచ్ఛ ఉండాల్సిందే. ఆ రోజు నిర్ణయం తీసుకున్నది ఎడిటర్ కాదే! దాతలతో, పరపతి ఉన్నవాళ్లతో యూనివర్సిటీ సంబంధాలు చెడకుండా చూడటమే ఉద్యోగంగా ఉన్న అధికారి. ఆయన తన పని తాను చేశారు. అలాంటి పని ఉన్న మనిషి చేతిలో స్టేషన్ స్విచ్ ఉండటమే తప్పు. యూనివర్సిటీకి స్టేషన్ ఒక్కటే కాదు, వెయ్యి వ్యవహారాలుంటాయి. ప్రభుత్వం దగ్గర బడ్జెట్ కావాలి, దాతలు కావాలి, ఫుట్‌బాల్ టీమ్ కావాలి. ఆ వెయ్యిలో ఏదో ఒకదానికి స్టేషన్ ఇబ్బంది తెచ్చినప్పుడు, కార్యక్రమాల నిర్ణయం స్టేషన్‌ది మాత్రమే అని ముందే రాసిపెట్టుకోకపోతే, ఏది తగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. నగరంలో జరిగేది ఊరికి చెప్పాల్సిన స్టేషన్‌కు అన్నిటికంటే కష్టమైన పని, తన సొంత యూనివర్సిటీ తప్పు చేస్తే ఆ వార్త చెప్పడం.

అమ్మకానికి పెట్టినప్పుడు

మాట ఆపడం ఒక రకం దెబ్బ. ఇంకో రకం, స్టేషన్‌ను ఆస్తి కింద లెక్కెయ్యడం. అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే ఊళ్లో అయోవా స్టేట్ యూనివర్సిటీ 1950లోనే డబ్ల్యూఓఐ టీవీ స్టేషన్ పెట్టింది. హ్యూస్టన్ కంటే మూడేళ్లు ముందు. అది చదువు కోసం కేటాయించిన ఛానల్ కాదు, వ్యాపార లైసెన్స్. జాతీయ నెట్‌వర్క్ కార్యక్రమాలు వేసుకుంటూ, ప్రకటనలతో సొంతంగా సంపాదించుకుంటూ, పక్కనే రైతులకు, పిల్లలకు స్థానిక కార్యక్రమాలు చేసింది. దాని పిల్లల కార్యక్రమం ఒకటి నలభై ఏళ్లకు పైగా నడిచింది. 1994లో యూనివర్సిటీ ఆ స్టేషన్‌ను ఒక ప్రైవేటు కంపెనీకి 1.4 కోట్ల డాలర్లకు అమ్మేసింది. పిల్లల కార్యక్రమం ఆ ఏడాదే ఆగిపోయింది.

2017లో ఎఫ్‌సీసీ, ఫోన్ కంపెనీల కోసం టీవీ స్పెక్ట్రమ్ వేలం వేసినప్పుడు సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీ ఫ్లింట్ నగరంలోని తన స్టేషన్ ఛానల్‌ను సుమారు 1.4 కోట్ల డాలర్లకు వదులుకుంది. మంచినీళ్లలో సీసం కలిసి ఊరంతా అల్లాడిన ఫ్లింట్ అదే.

అసలు కుదుపు 2025లో వచ్చింది. రెండేళ్లకు కలిపి సీపీబీకి ముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లను అమెరికన్ కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. జూలై 24న అధ్యక్షుడి సంతకం పడింది. ఆగస్టు 1న సీపీబీ మూసివేత మొదలుపెడుతున్నామని ప్రకటించింది. 1967లో కట్టిన అడ్డుగోడ పోయింది. హ్యూస్టన్ లాంటి పెద్ద నగరంలో చందాలిచ్చేవాళ్లు ఎక్కువమంది దొరుకుతారు. కొండ ప్రాంతాల్లో, చిన్న ఊళ్లలో ఉన్న స్టేషన్లకు టెన్షన్ వేరు. జనం తక్కువ, ట్రాన్స్‌మిటర్ల ఖర్చు ఎక్కువ.

పెన్సిల్వేనియాలో ఏం జరిగిందో చూస్తే యూనివర్సిటీ యజమానిగా ఉండటమంటే ఏమిటో తెలుస్తుంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ తన డబ్ల్యూపీఎస్‌యూ స్టేషన్‌ను ఫిలడెల్ఫియాలోని పబ్లిక్ స్టేషన్‌కు అప్పగించాలనుకుంది. 2025 సెప్టెంబరులో ట్రస్టీల కమిటీ ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. దాంతో 2026 జూన్ కల్లా మూసేస్తామన్నారు. రాష్ట్రం మధ్యలో ఉన్న పల్లెలు, చిన్న పట్టణాల జనం ఊరుకోలేదు. అక్టోబరులో ఒప్పందాన్ని సవరించి ఒప్పుకున్నారు. స్టేషన్ బతికింది, యూనివర్సిటీ చేతిలోంచి మాత్రం జారింది. 1965 నుంచి ఉన్న బంధం అది.

మనకు పాఠాలు వచ్చాయి, స్టేషన్ రాలేదు

తెలుగు నేలకు టీవీ మొదట వచ్చింది చదువు కోసమే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు నడిచిన సైట్ ప్రయోగంలో, నాసా శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఊరందరికీ కలిపి ఒకే సెట్టు, పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తెలుగు కార్యక్రమాల కోసం హైదరాబాద్‌లో నిర్మాణ కేంద్రం పెట్టారు. ఏడాది కాగానే శాటిలైట్ వెళ్లిపోయింది.

1984 ఆగస్టు 15న యూజీసీ దేశవ్యాప్త తరగతి గది పేరుతో దూరదర్శన్‌లో కాలేజీ పాఠాలు మొదలుపెట్టింది. వాటిని తయారుచేసే కేంద్రాలు హైదరాబాద్‌లో రెండు వచ్చాయి, ఉస్మానియాలో ఒకటి, ఇప్పుడు ఇఫ్లూగా మారిన, ఇంగ్లిష్, విదేశీ భాషలు నేర్పే సీఫెల్‌లో ఒకటి. కెమెరాలున్నాయి, స్టూడియో ఉంది, పనిచేసేవాళ్లున్నారు. ప్రసారం మాత్రం ఢిల్లీ చేతిలో. పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో. నల్గొండలోనో శ్రీకాకుళంలోనో తెలుగు మీడియంలో డిగ్రీ చదివే పిల్లకు అవి ఎంత అందాయన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ తర్వాత 2000లో జ్ఞాన్ దర్శన్, 2017లో స్వయంప్రభ ఛానళ్లు, తెలంగాణలో ప్రభుత్వం నడిపే టీ-శాట్ వచ్చాయి. పాఠాల వరకు ఇవి పనికొచ్చాయి, వస్తున్నాయి. పోటీ పరీక్షలకు చదివే ఎందరికో టీ-శాట్ కోచింగ్ ఫీజు మిగిల్చింది.

అయితే వీటిలో ఏదీ హ్యూస్టన్ ఛానల్ 8 లాంటిది కాదు. మన దేశంలో నేల మీది ట్రాన్స్‌మిటర్ల నుంచి టీవీ ప్రసారం చేసే అవకాశం దూరదర్శన్‌కే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకుని 2002 చివర్లో కాలేజీలకు, యూనివర్సిటీలకు చిన్న రేడియో స్టేషన్లు పెట్టుకోనిచ్చారు. 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ రేడియో మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 90.4 మీద క్యాంపస్ రేడియో వచ్చింది. వాటికి సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదు. టీవీ అయితే ఊసే లేదు. ఉస్మానియాలో జర్నలిజం చదివే విద్యార్థి సికింద్రాబాద్ గల్లీలో నాలాల గురించి ఒక మంచి రిపోర్ట్ తీస్తే, అది ఆ గల్లీ ఇళ్లకు యూనివర్సిటీ ఛానల్‌లో చేరే దారి లేదు. ఇప్పుడైతే యూట్యూబ్‌లో పెట్టొచ్చు. పెడుతున్నారు కూడా. కానీ ఎవరికి చూపాలో అక్కడ కంపెనీ లెక్కలు తేలుస్తాయి, ఊరు కాదు.

స్టేషన్ లేకపోతే దాన్ని కాపాడుకోవాల్సిన గొడవా లేదని అనుకోవచ్చు. కానీ ఛానల్‌ను ముందే పక్కన పెట్టడం వల్ల ఏం జరుగుతుందో లాస్ ఏంజెలెస్ చూపించింది. చదువు కోసం కేటాయించిన ఛానల్‌ను ఏ యూనివర్సిటీ వదులుకున్నా, వ్యాపార స్టేషన్‌కు అమ్ముకోవడానికి వీల్లేదు, మళ్లీ లాభాపేక్ష లేని విద్యా ప్రసారానికే పోవాలి. 1954లో దాత తప్పుకుని కేటీహెచ్‌ఈ మూతపడ్డాక ఛానల్ 28 పదేళ్లు ఖాళీగా ఉంది. 1964 సెప్టెంబరులో కేసీఈటీ అనే కొత్త స్టేషన్ అదే ఛానల్ మీద మాట్లాడటం మొదలుపెట్టింది. ఈసారి లైసెన్స్ ఊరివాళ్లు పెట్టుకున్న సంస్థ పేరున ఉంది.